దిదిమణి ఇంటి నైరుతి మూల

ఇల్లు కొనేవాళ్ళు ముందు గుమ్మం చూస్తారు, తరవాత గదులు చూస్తారు, కుళాయి తిప్పి నీళ్ళొస్తున్నాయో లేదో చూస్తారు. అప్పలకొండమ్మ ఇవేవీ చూడలేదు. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, తిన్నగా మెట్లెక్కి డాబా మీదికి పోయింది. యాభై నాలుగేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులని రోజూ కోడలు భానుమతి చేత నూనె రాయించుకునే మనిషి. ఆ ఇరుకు మెట్లు మేకపిల్లలా ఎక్కేసింది.

“మా అమ్మ అంతే, దిదిమణీ. ఏమీ అనుకోకండి,” అని కింద ఆమె కొడుకు బైరాగి ఇంటావిడకు బెంగాలీలో సర్దిచెప్పుకుంటున్నాడు.

ఇంటావిడ పేరు కనకలతా ఘోష్. ప్రసూతి ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఖిదిర్‌పూర్ ట్రాము డిపో వెనక ఆ సందులో సగం మందిని తల్లి కంటే ముందు ఎత్తుకున్నది ఆవిడే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆవిడ దిదిమణి, అంటే అక్కగారు. మూడు గదులు, చిన్న వరండా, మీద డాబా, అదీ ఇల్లు. డెబ్బై ఏళ్ళ కిందటిది. ఆ చుట్టుపక్కల అంత చవగ్గా ఇంకో ఇల్లు లేదు. చవక ఎందుకయ్యా అంటే దళారి తల గోక్కుని, “కొంచెం తడి ఉంది లెండి” అన్నాడు.

బైరాగికి తడీ పొడీ చూసుకునే వ్యవధి లేదు. గార్డెన్ రీచ్‌లో వాళ్ళుంటున్న లైను గదులు పడగొట్టి గోదాము కడతారట, ఆషాఢంలో రథయాత్రలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇప్పుడు తొంభై నాలుగో సంవత్సరం చైత్రం. అతను రేవులో క్రేను ఖలాసీ. కార్మికుల సొసైటీ ఇంటికి అప్పిస్తుంది. అయితే సొసైటీ పంపిన ఇంజనీరు ఇల్లు చూసి ఎంత విలువ రాస్తే అంతవరకే, అదీ అతని జీతానికి ఇచ్చే హద్దు దాటదు.

డాబా మీద కొండమ్మ మడమలతో నడుస్తోంది. వేళ్ళు ఆనించకుండా, మడమ దబ్బున దించుతూ, మూరకో అడుగు. కలకత్తాలో దీన్ని జలఛాదు అంటారు. దూలాల మీద ఇటుక ముక్కలూ సున్నమూ ఇటుక పొడీ కలిపి జానెడు మందాన పరిచి, ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చుని, పిటనా అనే చెక్క బ్యాటుతో రోజుల తరబడి బాదితే తయారయ్యే కప్పు అది. సిమెంటు వచ్చి ఆ పనిని మింగేసింది గానీ, శ్రీకాకుళం నుంచి మొగుళ్ళ వెంట రేవుకొచ్చిన ఆడవాళ్ళు చాలామంది ఒకప్పుడు అదే పని చేశారు. కొండమ్మ పాతికేళ్ళు చేసింది. మంచి కప్పు మడమకు తిరిగి జవాబు చెబుతుంది, చెడ్డ కప్పు దెబ్బ మింగి ఊరుకుంటుంది అని ఆవిడ సిద్ధాంతం.

ఈ కప్పు టక్కుటక్కున జవాబు చెబుతోంది. ఈశాన్యం చూసింది, ఆగ్నేయం చూసింది, వాయవ్యం చూసింది. నైరుతి మూల నిండా దిదిమణి పూలకుండీలు, ఒక విరిగిన మంచం, తులసి తొట్టె అడ్డంగా ఉన్నాయి. వాటిని వదిలేసి నీళ్ళు పోయే తూము దగ్గర వంగింది. అక్కడ నాచు పట్టిన సున్నం మీద ఏదో గుండ్రంగా కనబడితే గోటితో గీకింది. పక్కపక్కనే మూడు గుండ్రాలు, మూడింటికీ ఒకే వైపు సొట్ట.

కొండమ్మ అక్కడే చతికిలబడింది.

“ఒరే బైరాగీ! ఇలగొచ్చి సూడ్రా! ఇది నా కప్పురా! నా సేత్తో కొట్టిన కప్పు!”

బైరాగి పరిగెత్తుకొచ్చాడు. వెనకే దిదిమణి గోడ పట్టుకుంటూ వచ్చింది. కప్పు పని ముగిసిన రోజు, ముఠాలో పాట ఎత్తే మనిషి తన చేతి మురుగును, అంటే కడియాన్ని, తూము దగ్గర పచ్చి సున్నంలో మూడుసార్లు అద్దడం వాళ్ళ ఆచారం. కొండమ్మ వెండి మురుగు అత్తగారి చేతిది, అంతకు ముందు ఆవిడ అత్తగారి చేతిది. ఎప్పుడో పడి సొట్టపోయింది. ఈ గుర్తు ఇంకెవరిదీ కాదు.

“ఎప్పుడు వేశారు ఈ కప్పు?” అని అడిగింది కొండమ్మ, తనకొచ్చిన రేవు బెంగాలీలో.

“మా నాన్న పాత కప్పు తీయించి వేయించాడు. ముప్పై మూడేళ్ళయింది.”

“అయితే రాసుకోండి దిదిమణీ. ఈ కప్పు చుక్క కారదు. కారితే నా చెవి కోసిస్తాను.”

దిదిమణి ఆమెను ఎగాదిగా చూసి నవ్వింది. “చెవి తరవాత కోద్దువు గానీ, ముందు కిందికి రా.”

కింద పెట్టెలు పెట్టుకునే గది తలుపు తీసింది. నైరుతి గది. గోడ పైనుంచి నల్లగా చారలు దిగి ఉన్నాయి. దూలం గోడలో దిగే చోట సున్నం ఉబ్బి రాలిపోయింది. నేల మీద సరిగ్గా దాని కింద, ఆస్పత్రిలో దూదీ కత్తెర్లూ పెట్టే పాత ఎనామెల్ గిన్నె ఒకటి ఉంది. దాని అడుగున తుప్పు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

“ప్రతి వానాకాలం పూటకు రెండుసార్లు పారబోస్తాను,” అంది దిదిమణి మామూలుగా.

కొండమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. “ఇది కప్పు వల్ల కాదు. ఏ గొట్టమో పగిలుంటుంది,” అని గట్టిగానే అంది.

మంగళవారం సొసైటీ ఇంజనీరు వచ్చాడు. జానకిరామ్ అని ముప్పై ఏళ్ళ కుర్రవాడు, బెజవాడ వైపు మనిషి. మంచివాడే. “నమస్కారం అమ్మా, బాగున్నారా?” అని కొండమ్మను పలకరించాడు, ఆ తరవాత ఆమె అక్కడ ఉన్న సంగతి మరిచిపోయాడు. టేపు పట్టి గదులు కొలిచాడు. తలుపులు తెరిచి మూశాడు. డాబా మెట్లు చివరిదాకా ఎక్కి, అక్కడ పావురాల రెట్టలు చూసి, తళతళలాడే బూట్లు చూసుకుని, గడప మీదినుంచే నాలుగు వైపులా చూసి దిగిపోయాడు.

నైరుతి గదిలో మాత్రం చాలాసేపు ఉన్నాడు. టార్చి వేశాడు. దూలం మొదట్లో స్క్రూడ్రైవరు పెట్టి గీరితే నల్లటి పొడి అతని చొక్కా మీద రాలింది.

“దూలం పోయింది బైరాగి గారూ,” అన్నాడు చొక్కా దులుపుకుంటూ. “ఒక దూలం పోయిందంటే మిగతావీ అదే దారి. కట్టడానికి విలువ కట్టలేను. స్థలం విలువే రాస్తాను. మీకు అప్పు అంతే వస్తుంది, అంతకు మించి ఈ ఇంటికి పెట్టనూ కూడదు. ఆవిడకు అలాగే చెప్పండి.”

బైరాగి ముఖం వాడిపోయినట్టు పెట్టాడు గానీ లోపల సంబరపడ్డాడు. దళారి చెప్పిన ధర సొసైటీ అప్పుకు అందదు. స్థలం ధర అయితే అందుతుంది.

దిదిమణికి తెలుగు రాదు. రానక్కర్లేదు కూడా. అలాంటి ముఖాలు ఆవిడ ఆస్పత్రి వరండాలో లెక్కలేనన్ని చూసింది. “ఎన్నాళ్ళు బతుకుతుందంటున్నాడు?” అని అడిగింది.

బైరాగి తల దించుకుని చెప్పాడు. ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. “సరే, స్థలం ధరకే తీసుకోండి. పడిపోయే ఇంట్లో ఒంటరిగా ఎలాగుంటాను? బారాసత్ వృద్ధాశ్రమంలో గది తీసుకుందామనుకున్నాను. ఈ ధరకు గది రాదు, హాల్లో మంచం వస్తుంది. మంచం చాలులే. జీవితమంతా ఇంకొకళ్ళ మంచాల చుట్టూ తిరిగినదాన్నే కదా.”

ఇంజనీరు వెళ్ళిపోయాడు. కొండమ్మ ఇంకా ఆ నల్ల పొడినే వేళ్ళ మధ్య నలుపుతోంది. వాసన చూసింది. నాలుక మీద వేసుకుంది.

“సీల తేరా,” అంది కొడుకుతో.

“ఏటికే?”

“తెమ్మంటే తే. సుత్తి కూడా.”

బైరాగి స్టూలెక్కాడు. తల్లి చూపించిన చోట, రాలిన సున్నం వెనక, దూలం మీద మేకు పెట్టి కొట్టాడు. నల్లటి పొర చిట్లి కింద పసుప్పచ్చ చెక్క బయటపడింది. మేకు గోరంత దిగి వంగిపోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ వంగింది. రోజూ ఇనుముతో కుస్తీ పట్టే చేతులవి. మూడో మేకు పెట్టలేదు.

“బర్మా టేకు. పోనాది దూలం కాదురా. ఉప్పూ మసీ కలిసి పైన సున్నానికి పట్టినాయి. నీల్లు పైనించి దిగతన్నాయి.”

“పైనించంటే?”

కొండమ్మ మెట్లెక్కింది. పూలకుండీలు ఒక్కొక్కటే పక్కకు జరిపింది. విరిగిన మంచం ఈడ్చేసింది. తులసి తొట్టెకు దణ్ణం పెట్టుకుని మరీ జరిపింది. అప్పుడు మడమ ఎత్తి దించింది. ఇంకో అడుగు. ఇంకోటి. చాపంత మేర, కప్పు దెబ్బ మింగి ఊరుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండుననిపించింది కూడా.

కప్పు కొట్టేటప్పుడు వాళ్ళు దెబ్బలు లెక్కపెట్టరు. వాళ్ళలో ఎవరికీ వంద పైన లెక్క రాదు. పాటే లెక్క. ఏడు చరణాల పాట, చరణానికి ఇన్ని దెబ్బలని కట్టి ఉంది. పాట పూర్తయితే ఒక జానెడు వెనక్కి జరగాలి, మళ్ళీ మొదటి చరణం ఎత్తుకోవాలి. ఈ ఇంటి కప్పుకు ఆఖరి రోజు, ఆఖరి మూల. పాట ఎత్తేది కొండమ్మ. అయిదో చరణం కాగానే “జరగండే” అంది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని జరిగారు. ఆ మూల పూర్తయ్యేదాకా ఆరోదీ ఏడోదీ ఎవరూ పాడలేదు. తరవాత తూము దగ్గర దర్జాగా మురుగు అద్దింది.

గార్డెన్ రీచ్ బస్సులో తల్లీ కొడుకూ వెనక సీట్లో కూర్చున్నారు. అంతా విన్నాక బైరాగి గొంతు తగ్గించాడు.

“నువ్వు ఆమెకి సెప్పకే అమ్మా. ఫాల్తూ ఝమేలా, లేనిపోని గొడవెందుకు? ఇంజనీరుబాబు రాసినాడు, ఆమె ఒప్పుకుంది. మనం అడిగినామేటి తగ్గించమని?”

“రాసినోడికి తెలీదు. నాకు తెల్సు.”

“సెప్తే ధర పెరుగుతాది. మనకి అందదు. రథయాత్ర ఎంత దూరముందే? పిల్లల్నేసుకుని ఏ వంతెన కింద ఉంతాము?”

“నాను ఆలోచించనేదేటి?”

“ముప్పై మూడేల్లయిపోనాది. ఎవులికి గుర్తుంతాదే?”

“కప్పుకి గుర్తుంది కదరా.”

బైరాగి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బస్సు వంతెన ఎక్కి దిగింది. ఉండబట్టలేక మళ్ళీ ఇటు తిరిగాడు. “అయినా నువ్వు పనిలో అలగ సేసే మనిషివి కాదు కదే. ఎందుకెగ్గొట్టినావు?”

కొండమ్మ తన అరచేతులు చూసుకుంది. పిటనా పట్టిన కాయలు ఇప్పటికీ ఉన్నాయి.

“నీకోసమేరా. నువ్వు పాలు తాగే గుంటడివి. ఊల్లో మీ నాయనమ్మ కాడ ఒగ్గీసి పనికొచ్చినాను. నీకప్పుడు నాలుగు నెల్లు. పని పూర్తయితే గానీ మేస్త్రీ కూలీ ఇవ్వడు, కూలీ లేకపోతే టికెట్టు లేదు. ఆ సాయంత్రం హౌరాలో మద్రాసు మెయిలు తప్పితే మర్నాడు ఇంకో కప్పు ఎక్కించీస్తాడు. నా రైక తడిసిపోతంది, పాట నోట్లో ఆడతంది. ఆ రెండు చరణాలూ నీకోసమే తినీసినాను.”

కండక్టరు వచ్చి టికెట్లడిగాడు. బైరాగి వినిపించుకోలేదు. కొండమ్మే చెంగు ముడి విప్పింది.

మర్నాడు ఒక్కతే బస్సెక్కి ఖిదిర్‌పూర్ పోయింది. దిదిమణి వరండాలో కూర్చుని పాత చీరలు మడతపెడుతోంది, ఆశ్రమానికి ఏవి పట్టుకెళ్ళాలో ఏవి పంచిపెట్టాలో వేరు చేస్తూ. కొండమ్మ గుమ్మం దగ్గర నిలబడే చెప్పేసింది. దూలం రాయిలా ఉందని చెప్పింది. ఇల్లు ఇంకో యాభై ఏళ్ళుంటుందని చెప్పింది. కారేది తన చేతి తప్పు వల్లనని చెప్పింది. స్థలం ధరకు అమ్మొద్దని కూడా చెప్పి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

దిదిమణి మడత ఆపింది.

“నాన్న పోయేదాకా తన్నే తిట్టుకున్నాడు,” అంది మెల్లిగా. “సున్నం కొనడంలో పిసినారితనం చేశాను, అందుకే కారుతోంది అనేవాడు. మంచంలో ఉండి కూడా ఆ మాటే.”

తిడుతుందేమో, తిడితే పడదామని కొండమ్మ సిద్ధపడి వచ్చింది గానీ ఈ మాటకు సిద్ధపడి రాలేదు. కళ్ళు తుడుచుకోకుండానే అంది. “సున్నం మంచిదే వేశారు మీ నాన్నగారు. అంత మంచి సున్నం నేను మళ్ళీ చూడలేదు.”

దిదిమణి లేచి లోపలికి పోయింది. తలుపేసుకుంటుందేమో అనుకుంది కొండమ్మ. రెండు కప్పుల టీతో తిరిగొచ్చింది.

“నాకప్పుడు రాత్రి డ్యూటీలు. పొద్దున్నే వచ్చి పడుకుంటే నెత్తి మీద మీ పాట. వారం రోజులు నిద్ర లేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం వరస నోటికొచ్చేసింది. ఆఖరి రోజు సరిగ్గా ఆ నైరుతి గదిలోనే పడుకున్నాను. ఏమిటో ఇవాళ పాట తొందరగా ఆగి ఆగి వస్తోంది, బతికాన్రా దేవుడా అనుకున్నాను.” టీ చప్పరించి కళ్ళెగరేసింది. “ఇంతకూ చెవి కోసిస్తానన్నావు?”

“చెవెందుకు దిదిమణీ, కప్పే కొట్టిస్తాను.”

ముఠాలో ఇప్పుడు మిగిలింది దాలమ్మా జగ్గమ్మా. దాలమ్మకు అరవై దాటాయి, జగ్గమ్మకు ఒక కన్ను ఆనదు. సంగతి వినగానే దాలమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఓలమ్మో, నాను అప్పుడే అన్నాను కదే, అమ్మోరు సూత్తాదని!” నిజానికి ఆవిడ అప్పుడేమీ అనలేదు. అందరికంటే ముందు జరిగింది ఆవిడే. కొండమ్మ గుర్తుచెయ్యలేదు.

పిటనాలు వెతికారు. ఒకటి భానుమతి తలుపుకు అడ్డంగా పెడుతోంది, ఒకటి దాలమ్మ అటక మీద, ఒకటి జగ్గమ్మ కోళ్ళగూడు కింద దొరికాయి. కూలీ మాట దిదిమణే ఎత్తింది. దాలమ్మకూ జగ్గమ్మకూ ఇమ్మంది కొండమ్మ. తనకు వద్దంది.

చాపంత మేర పాత కప్పు పెకలించారు. అడుగున ఇటుక ముక్కలు చేత్తో పట్టుకుంటే విడివడి వచ్చాయి. సున్నం తొట్టిలో నానబెట్టారు. బెల్లం, కరక్కాయ నానబోసిన నీళ్ళు చిలకరించారు. రెండో రోజు షిఫ్టు దిగి బైరాగి వచ్చాడు, భుజాన సున్నం బస్తాతో. బస్తా దింపి, నీళ్ళు మోసి, వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ముగ్గురూ గొంతుక్కూర్చున్నారు. కొండమ్మ పాట ఎత్తింది.

సున్నంలోకీ సూరీడొచ్చే — దెబ్బెయ్ దెబ్బ
బెల్లం నీల్లకి సీమొచ్చే — దెబ్బెయ్ దెబ్బ

మొదటి రోజు చెక్క మెత్తగా దిగింది. రెండో రోజు సున్నం పాలు పైకి తేలాయి. మూడో రోజు జగ్గమ్మ మణికట్టు వాచిపోతే గుడ్డ చుట్టుకుని కొట్టింది. ఒక్క జానెడు కూడా పాట పూర్తి కాకుండా కొండమ్మ జరగనివ్వలేదు. ఎదురింటి కుర్రాళ్ళు క్లబ్బు అరుగు మీద క్యారమ్స్ ఆపి తలలెత్తి చూశారు. ఎర్రజెండా కట్టిన మూల టీకొట్టువాడు పాటకు తగ్గట్టు గ్లాసులు కడిగాడు. నాలుగో రోజు పిటనా దెబ్బకు ఎగిరి చేతికి తిరిగొచ్చింది. కొండమ్మ గొంతు హెచ్చించింది.

మబ్బొచ్చి తలుపు తడితేనూ — దెబ్బెయ్ దెబ్బ
ఇంట్లో నేమని సెప్పండే — దెబ్బెయ్ దెబ్బ

ఇల్లుగలమ్మా సల్లంగుండా — దెబ్బెయ్ దెబ్బ
మా నెత్తి మీదా కప్పెప్పుడే — దెబ్బెయ్ దెబ్బ

దిదిమణి మెట్ల మీద కూర్చుని వింటోంది. “ఈ చివరి రెండూ నాకు బాగా గుర్తు. అర్థమేమిటి?”

“వాన వస్తే మేము ఇంట్లో లేమని చెప్పండి అని. ఆ తరవాతది, ఈ ఇంటి తల్లి చల్లగా ఉండాలని.”

“అంతేనా? ఇంకా ఏదో ఉందే.”

“అంతే దిదిమణీ,” అంది కొండమ్మ, తడి గోనెసంచులు పరుస్తూ. ఆఖరి పంక్తి ఆవిడకు చెప్పలేదు.

వారం తిరక్కుండానే కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లబడి, వీధిలో రేకులు ఎగిరి, ధారాపాతంగా రెండు గంటలు కురిసింది. గార్డెన్ రీచ్‌లో లైను గది గుమ్మంలో కూర్చుని కొండమ్మ ఆ వాన మొత్తం చూసింది. భయం లేదు ఆవిడకు. పిటనా చేతికి తిరిగొచ్చిన సంగతి తెలుసు.

మర్నాడు ఆదివారం. జానకిరామ్‌ను బైరాగే స్వయంగా వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు. కొండమ్మ మెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

“బాబూ, బూట్లిప్పు.”

“ఎందుకమ్మా?”

“బూట్లకి కప్పు మాటాడదు.”

ఇంజనీరు బూట్లిప్పాడు, మేజోళ్ళూ విప్పాడు. ఆవిడ చెప్పినట్టు మడమలతో డాబా అంతా నడిచాడు. మొదట నవ్వుతూ నడిచాడు. నైరుతి మూల చేరేసరికి నవ్వు మాని, ఒక చోట రెండుసార్లు తొక్కి చూశాడు. కిందికి దిగి, దూలంలో వంగి ఉన్న మేకులు చూశాడు. ఎనామెల్ గిన్నెలో వేలు పెట్టాడు. పొడి.

“నేనప్పుడే పైకెళ్ళి చూడాల్సింది,” అన్నాడు చెవులెర్రబడి. “కట్టడానికి విలువ కట్టి రిపోర్టు మార్చి రాస్తాను. అయితే బైరాగి గారూ, అప్పుడు ధర...”

“తెల్సండి,” అన్నాడు బైరాగి.

దిదిమణి తడి లేని గిన్నెను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. “కొండమ్మా, నిన్న వాన మొదలవగానే అలవాటు కొద్దీ గిన్నె పట్టుకుని ఆ గదిలోకి పోయాను. నేల మీద కూర్చున్నాను. రెండు గంటలు కూర్చున్నాను. ఒక్క చుక్క పడలేదు. మా నాన్న ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను.” గిన్నె అంచు నిమిరింది. “నేనిక ఎక్కడికీ వెళ్ళను. ఇల్లు అమ్మను. నన్ను తిట్టు, పడతాను.”

బైరాగి పళ్ళు బిగించి గోడకేసి చూశాడు. కొండమ్మ ధర పెరుగుతుందనుకుంది, బేరమాడొచ్చనుకుంది, వాయిదాల్లో కడతామని బతిమాలొచ్చనుకుంది. కారడం ఆగితే అమ్మడమే ఆగిపోతుందన్నది ఆవిడ బుర్రకు తట్టలేదు. అర్థం చెప్పకుండా దాచిన ఆ ఆఖరి పంక్తి మనసులో మెదిలింది, మా నెత్తి మీదా కప్పెప్పుడే అని.

అయినా అది ఒక్క క్షణమే. ఆ ఇంట్లో ఆ మనిషి ఆ గిన్నెతో కూర్చుని ఉండడం చూస్తుంటే, అది అక్కడికి సరిగ్గా సరిపోయినట్టనిపించింది.

“తిట్టడమెందుకు దిదిమణీ?” అని నవ్వింది. “ఇంత బాగా కొట్టాను కదా, ఎవరైనా ఎందుకు అమ్ముకుంటారు?”

డాబా మీదికెళ్ళి నైరుతి మూల కొత్త సున్నం వేలితో నొక్కి చూసింది. ఈసారి మురుగు అద్దలేదని అప్పుడు గుర్తొచ్చింది. అద్దకపోయినా ఫరవాలేదనిపించింది.

మూడు రోజులు బైరాగి తల్లితో పొడిపొడిగా మాట్లాడాడు. అన్నం పెట్టమంటాడు, నీళ్ళు తెమ్మంటాడు, అంతే. కొండమ్మ కూడా కదిలించలేదు. తప్పు చేశానన్న బాధ ఆవిడకు లేదు. ఇల్లు పోయిన బాధ ఉంది. రెండూ వేరువేరని ఆవిడకు తెలుసు. గోదాము వాళ్ళు వచ్చి లైను గోడల మీద సున్నంతో గుర్తులు పెట్టి పోయారు. భానుమతి ఆ గుర్తులు చూసినప్పుడల్లా నిట్టూర్చింది.

మళ్ళీ ఆదివారం పొద్దున్న కొండమ్మ లేచేసరికి తలుపు అడ్డకర్ర లేదు. చూస్తే బైరాగి వాకిట్లో నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని, భుజాన పిటనాతో.

“ఎక్కడికిరా అది?”

“మోమిన్‌పూర్‌లో పాత ఇల్లొకటుందట. ఇంజనీరుబాబు కబురెట్టినాడు. ‘ముందు మీ అమ్మగారిని తొక్కి చూడమనండి, తరవాతే నేను రాస్తాను’ అన్నాడట.” చివరి మాట అతను బెజవాడ యాసలో అనబోయి సగంలో నవ్వేశాడు.

కొండమ్మ ముఖం కడుక్కుంది. జుట్టు ముడేసుకుంది. మోకాళ్ళ మీద అరచేతులు ఆనించి పైకి లేచింది.

“ధర మాట తరవాత. ఆ డాబా మీద పూలకుండీలున్నాయేటో అడిగినావా?”

“ఉన్నాయట,” అన్నాడు బైరాగి. “నాను జరుపుతాను, పదవే.”